ప్రోటోకాల్ తప్పిన పన్నెండు పదాలు

మా మంత్రిగారు ఏం చేసినా చరిత్రే. ఆమధ్య ప్రెస్‌మీట్ పెట్టి, "ఉద్యోగుల పింఛను నిధి మొత్తం బిట్‌కాయిన్‌లో దాచేశాం. ఇక అది దొంగలకే కాదు, మాక్కూడా అందదు!" అని ప్రకటించారు. హాలంతా చప్పట్లు. ఆయన ఆఫీసులో అటెండర్ని కాబట్టి నేనూ కొట్టాను. అప్పటికి ఇంకో రెండు నెలల్లో నా రిటైర్మెంట్. ఆ డబ్బుతోనే మా ఆవిడకి కళ్ళ ఆపరేషన్ చేయించాలి.

కంప్యూటర్ సెక్షన్ అమ్మాయి ఆ బిట్‌కాయిన్లకి తాళంచెవిలాంటి, అగ్గిపెట్టెంత వాలెట్ తెచ్చింది. దాని తెరమీద వచ్చిన పన్నెండు ఇంగ్లీషు పదాలను పన్నెండు చీటీలమీద పెన్సిల్‌తో రాసింది.

"ఈ వాలెట్ పోయినా భయం లేదు సార్. ఈ పదాలు ఇదే వరసలో కొడితే కొత్త వాలెట్లో డబ్బు మళ్ళీ కనిపిస్తుంది. వరస తప్పితే మాత్రం అంతే సంగతులు. అందుకే నంబర్లు వేశాను."

అన్నీ ఒకరి దగ్గరే ఉంటే ప్రమాదమని తలా ఒకటి పంచారు. మంత్రిగారు ముచ్చటపడి 'లయన్' తీసుకున్నారు. దానిమీద ఏడో నంబరుంది.

"మంత్రిగారు ఏడోవారా? ఎంత అపచారం!" అని సెక్రటరీగారు చెవులు మూసుకున్నారు. అమ్మాయి వద్దు మొర్రో అంటున్నా, రబ్బరు పెట్టి నంబర్లన్నీ స్వహస్తాలతో చెరిపేశారు. ఆఖరికి ఒక చీటీ మిగిలింది: 'డాంకీ'. ఏ అధికారీ ముట్టుకోలేదు.

"నువ్వుంచుకోవోయ్," అన్నారు సెక్రటరీగారు, టీ ట్రేతో నిలబడ్డ నాతో.

నెల తిరక్కుండానే ఆ వాలెట్ మంత్రిగారి చొక్కాతో సహా వాషింగ్ మెషీన్‌లో పడి శుభ్రంగా చచ్చింది. మంత్రిగారు చలించలేదు. "పదాలున్నాయిగా!" అన్నారు. కొత్త వాలెట్ తెప్పించి, హోదాల ప్రకారం వరసగా కొట్టించారు. తెరుచుకోలేదు. జాయింట్‌గారు ముందా, అడిషనల్‌గారు ముందా అని మూడు వారాలు మీటింగులు నడిచాయి. ఈలోగా నాకు పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపేశారు.

"డబ్బెప్పుడొస్తుందండీ?" అంది మా ఆవిడ.

"ఆఫీసర్లలో ఎవరు గొప్పో తేలాక."

"అయితే ఈ జన్మకి నాకు చూపు రాదు."

కంప్యూటర్ అమ్మాయే పుణ్యం కట్టుకుంది. "మొత్తం నలభై ఏడు కోట్ల తొంభై లక్షల వరసలు సార్. కంప్యూటర్‌కి వదిలేయండి, రెండ్రోజుల్లో పట్టేస్తుంది." మంత్రిగారు సరేనన్నారు. మూడోరోజు చీటీదారులందర్నీ పిలిపించారు, నాతో సహా. వాలెట్ తెరుచుకుంది! నిధి చెక్కుచెదరలేదు. నాకు గంతెయ్యాలనిపించింది.

అమ్మాయి సంబరంగా వరస చదివింది. "ఒకటి, డాంకీ."

అందరూ నావైపు తిరిగారు.

"ఇది ప్రోటోకాల్‌కి పూర్తిగా విరుద్ధం," అన్నారు సెక్రటరీగారు.

"కానీ సార్, డబ్బు కనిపిస్తోంది కదా!"

"కనిపిస్తే? లయన్‌గారు డాంకీ వెనకాల నిలబడ్డారని రేపు పేపర్లో వేస్తారు. ఏం చేద్దామంటావ్?"

మంత్రిగారు గంభీరంగా లేచారు. "డబ్బుదేముంది, ఇవాళుంటుంది, రేపు పోతుంది. పదవికో మర్యాదుంది," అని ఆ వరస చెరిపించి, కంప్యూటర్ ఆపించేశారు. సాయంత్రం ప్రెస్‌మీట్‌లో, "మా హయాంలో నిధి నుంచి ఒక్క పైసా కదల్లేదు," అన్నారు. అక్షరాలా నిజం.

నిన్న ఇంటికి ఆఫీసు కవరొచ్చింది. మా ఆవిడ దాన్ని చేత్తో తడిమి, "వచ్చేసిందా?" అంది ఆశగా. చించి, పైకి చదివాను.

నా పదం మంత్రిగారి పదానికి ముందు ఎందుకు నిలబడిందో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలట.