మడ్డి వాడని బెండకాయలు

ఆ పొద్దున ముళ్ళకంప పెట్టుకున్న పని చిన్నదే. బెండకాయలు కోసి, చేను చివర రోడ్డు పక్కనున్న రేకుల పంచలో పోసి, ఎండెక్కేలోగా అమ్ముకోవడం. అంతకుముందు ఒక బోర్డు కొట్టడం. ముళ్ళకంప అన్నది ఊరు పెట్టిన పేరు. ఆయనతో మాట్లాడినవాళ్ళెవరూ గీరుకోకుండా తిరిగి వెళ్ళలేదు. ఈ ఏడు ఆయన చేతికొచ్చిన పంట బెండ ఒక్కటే. బెండ ఎవరికోసమూ ఆగదు. కోయకపోతే ముదిరి పీచవుతుంది, కోసి అమ్మకపోతే వడలి గొడ్లమేతవుతుంది.

బోర్డు ఎందుకంటే, గట్టవతల చేను బావమరిదిది. మురుగుశుద్ధి కేంద్రంవాళ్ళు పట్నం మురుగును శుద్ధిచేసి, మిగిలిన మడ్డిని ఎండబెట్టి ఎరువుగా ఊరికే ఇస్తున్నారు. బావమరిది లారీలకు లారీలు తోలించుకున్నాడు. వాడి బెండ మనిషెత్తు లేచింది. ముళ్ళకంపది మోకాలు దాటలేదు. చనిపోయిన భార్యకు తమ్ముడన్న మర్యాద కూడా ఆ మొక్కల్ని చూసినప్పుడల్లా ఆవిరైపోయేది.

'ఇక్కడ మురుగు మడ్డి వాడలేదు' అని ఎర్రరంగుతో రాసి, పంచ గుంజకు మేకు దిగ్గొట్టాడు.

రోజూ కొనే పంతులమ్మ ముందుగా వచ్చింది. బోర్డు చదివి, చేతిలో కాయ కింద పెట్టేసింది.

"ఏం వాడలేదు బాబాయ్?"

"మురుగు మడ్డి."

"అది కూరలకు కూడా వేస్తారా?"

"నేను వెయ్యలేదనే కదమ్మా రాశాను."

"ఎవరూ అడక్కుండా ఎందుకు రాశావు మరి?"

ఆమె గట్టవతలికి నడిచింది. అక్కడ బోర్డు లేదు కాబట్టి అనుమానమూ లేదు. వెనక వచ్చినవాళ్ళూ అదే దారి పట్టారు. జనానికి చదువొచ్చు, చదవడం రాదు.

"లారీలు తోలించుకుంది వాడు," అని ముళ్ళకంప అరిచాడు.

"పక్కవాడి బేరం మీద ఏడుపు," అన్నారెవరో.

బావమరిది గట్టుమీదికొచ్చాడు. "ఏం బావా, బోణీ అయిందా?"

"జనానికి పెంట తినిపిస్తూ నన్ను పలకరిస్తున్నావురా?"

"అడిగితే చెబుతాను బావా, నేను దాచను. నువ్వే అడక్కముందు చెప్పి చెడుతున్నావు."

ముళ్ళకంప పళ్ళు నూరుకుంటూ శుద్ధికేంద్రానికి వెళ్ళాడు. "నేను మీ మడ్డి ముట్టలేదని వచ్చి చెప్పండి," అని ఇంజనీరు ముందు కూర్చున్నాడు. ఇంజనీరు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. వెంటనే లేచాడు. జీపు మరమ్మతులో ఉందని, లోడుతో బయల్దేరుతున్న మడ్డి లారీ ఎక్కించి, తానూ ఎక్కాడు. ముందు సీట్లో ముళ్ళకంపతో ఆ లారీ వచ్చి సరిగ్గా రేకుల పంచ ముందు ఆగింది.

"దొరికాడు," అన్నారు రోడ్డు మీది జనం.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "ఈ పెద్దాయన మా దగ్గర తట్టెడు మడ్డి కూడా తీసుకోలేదు. తీసుకుంది గట్టవతలాయన."

ముళ్ళకంప గుండె చల్లబడింది. ఇంజనీరు అక్కడితో ఆపితే బాగుండేది.

"కానీ మేం మడ్డి ఇచ్చిన ప్రతి చేనులో మట్టినీ కాయనూ పరీక్ష చేయిస్తాం. తేడా ఉంటే అమ్మనివ్వం. ఆయన కాయ శుభ్రంగా ఉంది."

"మరి ఈయనది?" అంది పంతులమ్మ.

"ఈయనది మేమెప్పుడూ చూడలేదు."

జనం మళ్ళీ గట్టు దాటారు.

"అయితే ఇప్పుడు చూసి చావండి," అన్నాడు ముళ్ళకంప.

"మడ్డి తీసుకున్నవాళ్ళకేనండీ పరీక్ష. రూలు."

"వాడలేదని తేలాలంటే వాడాలా?"

"వాడక్కర్లేదు. తీసుకుంటే చాలు."

ముళ్ళకంప వడలిపోతున్న కాయల రాశిని చూశాడు.

"దింపండి," అన్నాడు.

లారీ పంచ వెనక కుప్ప పోసి వెళ్ళింది. ఫలితం వచ్చేలోగా రెండు కోతలు గొడ్లపాలయ్యాయి. చేను శుభ్రంగా ఉందని ఇంజనీరు మళ్ళీ వచ్చి చెప్పాక, జనం గట్టు ఇవతలికి తిరిగారు.

పంతులమ్మ కాయ కొన తుంచి చూసింది. "మడ్డి పడ్డాక ఎంత లేతగా వస్తున్నాయో చూడు బాబాయ్. ఇన్నాళ్ళూ మొండికేశావు."

కుప్ప మీద కప్పిన పట్టా ఇంకా తియ్యనేలేదు. ఆ సంగతి ముళ్ళకంప చెప్పలేదు. నిజం ఒకసారి చెప్పి చూశాడు, చాలు.