రిచర్డ్ పంతులు కాలికి జాగా

మనిషి ఒక్కసారిగా పోవడం తేలిక. విడతలవారీగా పోవాలంటేనే అనుమతులు కావాలి. ఈ సత్యం ఆబిడ్స్ బడిలో లెక్కలు చెప్పే రిచర్డ్‌కు పందొమ్మిది వందల నలభైలో, నాంపల్లి దవాఖాన మంచం మీద తెలిసొచ్చింది. అఫ్జల్‌గంజ్‌లో సైకిల్ మీంచి పడితే తగిలిన దెబ్బ చీము పట్టింది. కుడికాలు మోకాలి కిందికి తీసెయ్యాలన్నాడు డాక్టర్.

 "తీసిన కాలు ఏం జేస్తరు?" అని రిచర్డ్ అడిగాడు.

పారేస్తామన్నారు. చచ్చినవాళ్ళంతా లేచే పునరుత్థాన దినాన దవాఖాన చెత్తలో కుడికాలు వెతుక్కోవడం పంతులుకు మర్యాద కాదు. (శిష్యులు కూడా అప్పుడే లేస్తారు.) సమాధుల తోటలో కాలికి జాగా ఇస్తేనే సంతకం చేస్తానని భీష్మించుకున్నాడు.

"ప్రాణం మీదికొస్తే కాలికి జాగా చూస్తున్నరేందండీ!" అని భార్య బెత్సీ మొత్తుకుంది.

చర్చి సంఘంలో సమాధుల తోట కమిటీ కూర్చుంది. సభ్యుడికి ఒకటే గొయ్యి అని కార్యదర్శి జార్జి నియమం చదివాడు. ఇప్పుడు కాలొచ్చి పడుకుంటే, రేపు మిగతా రిచర్డ్ ఎక్కడ పడుకోవాలి? అసలు కాలు సంఘ సభ్యుడేనా? ముంచి ఇచ్చిన బాప్తిస్మం కనుక కాలు కూడా తడిసిందని పాస్టరు అయ్యగారు ధ్రువపరిచారు. వాయిదా పడింది. మళ్ళీ పడింది.

అవతల సంతకం లేనిదే కాలు కొయ్యరాదని దవాఖాన రూలు. ఊరికే కూర్చోలేక డాక్టర్ రోజూ పుండు కడిగి, కుళ్ళిన కండ మాత్రం గీకి, ఇంగ్లండు సీమ నుంచి కొత్తగా వచ్చిన గోలీలు మింగించాడు.

చివరికి కమిటీ తీర్మానించింది: నిలువెత్తు గొయ్యి తవ్వాలి, కాలిని కాళ్ళవైపు ఉంచాలి, మిగతా సభ్యుడు తన వంతు వచ్చినప్పుడు చేరాలి. తోట పని చూసే మల్లయ్య ఆ పూటే తవ్వేశాడు.

ఆ వారమే పుండులో లేత కండ పట్టింది. ఇక కోసే పని లేదన్నాడు డాక్టర్. రిచర్డ్ ఆ కాలిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నెల తిరక్కముందే చేతికర్రతో, సొంత కాళ్ళ మీద చర్చికి వెళ్ళాడు. జార్జి ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"దేవునికి స్తోత్రం! శానా సంతోషమైంది పంతులుగారూ. కాకపోతే, తవ్విన గొయ్యి తెరిచి పెట్టొద్దని రూలు."

"మరి పూడ్పించున్రి."

"ఖాళీగ పూడ్వొద్దని గూడ రూలేనండి." జార్జి గొంతు తగ్గించాడు. "మీరేం ఫికర్ చేయకున్రి, తొందర లేదు. వానలు పడకముందే జర వీలు చూసుకోన్రి."