విద్యాచెట్టు స్థానికత

చెట్టు నాటినచోటే ఉంటుందన్నది వృక్షశాస్త్రం. అది ఎక్కడిదో తేల్చాలన్నది పరిపాలన. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజుల్లో మన్సూరాబాద్‌లోని ఒక కాలనీ సంక్షేమ సంఘం ఈ రెండో శాస్త్రంలో దేశానికే దారి చూపింది (దేశం ఇంకా ఆ దారిన రాలేదు, దాని ఖర్మ).

చెట్టు విజయదుర్గ గేటు పక్కది. పెళ్లయి హైదరాబాద్ వస్తూ తూర్పుగోదావరి కడియం నర్సరీలో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్క. నర్సరీవాళ్లు తుజా అన్నారు, పిల్లలు విద్యాచెట్టు అంటారు. ఏ కాలమైనా పచ్చగానే ఉంటుంది గానీ, పెరగడానికి దానికేం తొందర లేదు. ఆమె కొడుకు ఇంజనీరింగులో చేరేనాటికి గేటెత్తు దాటింది.

"నీ చెట్టుకు సర్కారు కొలువొచ్చినట్టుంది వదినా, జరంత గూడ కదులుతలేదు" అనేది పక్కింటి అనంతమ్మ. అంటూనే, దుర్గ ఊళ్లో లేనప్పుడు తన బోరు నీళ్లు దానికి పోసేది.

దీని రెమ్మ పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని నమ్మకం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ ఈ కాలనీలో కిరాయికుండే నిరుద్యోగులకు చదువెప్పుడో వచ్చేసింది, రానిది నోటిఫికేషనే. చివరికి అదీ వచ్చింది. తెల్లారేసరికి గేటు ముందు క్యూ కట్టారు. లోకల్ ఆకుల్ని నాన్‌లోకల్ వాళ్లు దూసుకుపోతున్నారని సంఘానికి ఫిర్యాదు అందింది. కడియం చెట్టు మీద మీకేం హక్కని ఎదురు ఫిర్యాదూ అందింది.

సంఘం అధ్యక్షుడు ఎల్లయ్య ఈ ఊరి పాత రైతు. కాలనీ ఒకప్పుడు ఆయన జొన్నచేను. కార్యదర్శి రామమోహనరావు గుంటూరు నుంచి వచ్చి, ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఒకరంటే ఒకరికి పడని ఈ ఇద్దరూ చెట్టు దగ్గర ఒక్కటయ్యారు. రెమ్మల్లో ఎనభైఅయిదు శాతం స్థానికులకు, పదిహేను శాతం అందరికీ. ఇరవై ఏళ్లుగా ఈ ఊరి నీళ్లు తాగుతోంది కనుక చెట్టుకు స్థానిక హోదా (విజయదుర్గా అవే నీళ్లు తాగింది గానీ, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు).

విజయదుర్గ సంఘం ఆఫీసుకు పరుగెత్తింది.

"ఎల్లయ్యగారూ, ఇది వేపచెట్టు కాదండి. ఆకంతా దూసేస్తే ఆ కొమ్మ మళ్లీ చిగురెయ్యదు. చచ్చిపోతుందండి."

"పరేషాన్ గాకమ్మా. గిప్పుడది మన చెట్టే. మనోళ్లను మనం సంపుకుంటమా?" అన్నాడు ఎల్లయ్య.

"అయినా చెట్టు బతకడమన్నది ఎజెండాలో లేదమ్మా" అన్నారు రామమోహనరావు, కళ్లజోడు సవరించుకుంటూ.

పంపకం ఎంతో న్యాయంగా జరిగింది, ఒక్క రెమ్మ అటూ ఇటూ కాలేదు. ఎనభైఅయిదూ పదిహేనూ పోగా చెట్టుకెంత మిగలాలో మాత్రం ఎవరూ లెక్క వేసుకోలేదు. నిలబడ్డ కట్టెను చూసి విజయదుర్గ గేటు దగ్గరే కూలబడి ఏడ్చింది. అనంతమ్మ బిందె తెచ్చి మొదట్లో నీళ్లు పోసింది (ఏ కోటా కింద పోసిందో ఇంతవరకు తేలలేదు).

మర్నాడు బంద్. పరీక్ష వాయిదా పడింది. వాయిదాపడ్డ పరీక్షకు పాత రెమ్మలు చెల్లవనీ, అభ్యర్థులందరూ కొత్తవి తీసుకోవాలనీ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, చెట్టుకు నోటీసు అంటించింది.

'ఈ నెలాఖరులోగా చిగురించవలెను. చిగురించనిచో నాన్‌లోకల్‌గా పరిగణించబడును.'