స్టేషన్‌మాస్టరు కోసం ఉన్ని కోటు

ఆ ఇంటి కొత్త కోడలికి పొద్దున్నే కాఫీ కంటే ముందు ఒక ప్రేక్షకుడు కావాలి. బీరువా తలుపు తెరిచి, చేతులు కట్టుకుని, ఇవాళ తనను ఎవరు చూడబోతున్నారో ఊహించుకుంటుంది. ఒకరోజు ఓడ మీద నుంచి దుర్భిణి పెట్టి చూసే కెప్టెన్. ఇంకోరోజు మేడ మీద కిటికీలోంచి వీధిని చూస్తూ పొద్దుపుచ్చే ముసలి రాణి. ఆ మనిషి ఎవరో తేలిపోతే బట్టలు వాటంతటవే చేతికొస్తాయి. ఎవరూ లేకుండా తయారవడమంటే ఆమెకు ఖాళీ హాల్లో కచేరీ చేసినట్టు ఉంటుంది.

ఈ సంగతి భర్తకు ఒక్కడికే తెలుసు. పెళ్లి ఇంకా కొత్త కాబట్టి అతనికది వెర్రిలా కాక వెన్నెలలా కనిపిస్తోంది.

"ఇవాళ ఎవరు?" అన్నాడు గడ్డం గీసుకుంటూ.

"కొండ మీది స్టేషన్‌మాస్టరు. చుట్టూ మంచు. ఎప్పుడో ఒక బండి వస్తుంది. అందులోంచి నేను దిగుతాను."

"దిగి?"

"ఏముంది, ఆయన లాంతరెత్తి చూస్తాడు. అంతే."

"బయట ఎండ మాడ్చేస్తోంది మరి."

"ఆయన దగ్గర మాడ్చట్లేదుగా," అంది ఆమె, ఉన్ని కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుంటూ.

కోటు మీద ఎర్రటి మఫ్లరు, కాళ్లకు బూట్లు, చేతిలో పొడవాటి గొడుగు. కోటు లోపల ఏముందో స్టేషన్‌మాస్టరుకు కనిపించదు గనుక వెలిసిపోయిన పాత గౌను, నడుము దగ్గర గుండీ ఊడిపోయినది, వేసుకుంది. ఇవాళ ఆమెకు ధైర్యం కావాలి. వీధి చివరి వాతావరణ కార్యాలయంలో మేడ మీది పరికరాలు చూసి అంకెలు రాసుకోవడం ఆమె పని. ఆ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో పెద్దాఫీసరు ఈరోజే తేలుస్తానన్నాడు. ధైర్యానికి మంచి ప్రేక్షకుణ్ని మించిన మందు లేదని ఆమె నమ్మకం.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఆమెను రోజూ నిజంగానే చూసేవాళ్లున్నారు. వాళ్లలో మొదటి మనిషి అత్తగారు.

అత్తగారి లెక్క వేరు. కోడలు వాతావరణ కార్యాలయంలో పనిచేస్తుంది; ఆఫీసు రహస్యాలు బయటపెట్టకూడదు కాబట్టి నోరు విప్పదు; ఒంటి మీద బట్టలు చూసి మనమే గ్రహించాలి. మొన్న ఓడ కెప్టెన్ కోసమని కోడలు రెయిన్‌కోటు వేసుకుని వెళ్లిన సాయంత్రం నిజంగానే వాన దంచికొట్టింది. ఆరేసిన బట్టలు ముందే తీసిన ఇల్లు వీధి మొత్తం మీద అదొక్కటే. అప్పటినుంచి అత్తగారి మాటకు వీధిలో తిరుగులేదు.

గేటు దాటుతున్న ఉన్ని కోటును చూసి ఆవిడ కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత దండెం మీది బట్టలు తీసేసి, అటక మీది స్వెట్టరు దులిపి వేసుకుంది. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏంటి వదినా, ఈ ఎండలో స్వెట్టరు?"

"నేనేం చెప్పలేదు. మా అమ్మాయీ ఏం చెప్పలేదు. వెళ్లి కోటు తీసుకో."

ఇంతకంటే గట్టి సమాచారం ఏ వీధికీ అక్కర్లేదు. పిన్నిగారు పిల్లల టోపీలు తీసింది. అది చూసి లాండ్రీ ఆయన హోటలు దుప్పట్లన్నీ లోపలికి లాగేశాడు. దుప్పట్లు మాయమవడం చూసి హోటలువాళ్లు డాబా మీది కుర్చీలు ఎత్తేశారు. వీధి మలుపులో బడివాళ్లు ఆటల పోటీలు వాయిదా వేశారు. నడినెత్తిన సూర్యుడు, కింద కోట్లలో జనం. చెమటలు ధారలు కడుతున్నా ఎవరూ గుండీ విప్పలేదు. ఇన్ని గంటలు ఉడికినవాడు సరిగ్గా మంచు పడే వేళకు కోటు విప్పి నవ్వులపాలు కావడానికి ఒప్పుకోడు కదా.

కార్యాలయంలో ఫోను మోగడం మొదలైంది. పెద్దాఫీసరు పొద్దున్నే రేడియోలో 'ఆకాశం నిర్మలం, ఎండ తీవ్రం' అని చెప్పి వచ్చాడు. ఇప్పుడు ఫోను చేసినవాళ్లంతా ఒకటే నిలదీత: బయటివాళ్లకు ఎండ చెప్పి సొంతవాళ్లకు మంచు చెప్తారా అని. ఆయనకు తల తిరిగింది. ఆకాశాన్ని తప్ప ఎవరినీ తలెత్తి చూసే అలవాటు లేని మనిషి, తొలిసారిగా తన ఉద్యోగినిని చూశాడు. ఆమె మఫ్లరుతో చెమట తుడుచుకుంటోంది.

"ఏంటమ్మా ఈ అవతారం?"

జలుబు చేసిందండీ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అంతలో మళ్లీ ఫోను. అత్తగారు. ఊరంతా కోడైకూస్తుంటే కోడలి మీదికి ఏం వస్తుందోనని ఆవిడ బెంగపడిపోయింది. గొంతు గది అంతా వినిపించింది.

"మా అమ్మాయిని ఏమీ అనకండి బాబూ. మంచు సంగతి తను ఒక్కరికీ చెప్పలేదు. ఆ రోజు వాన సంగతీ చెప్పలేదు. అన్నీ మేమే చూసి తెలుసుకున్నాం."

ఆయన ఫోను పెట్టేశాడు. ఇక జలుబు పనికిరాదు. ఆమె బూట్ల వైపు చూస్తూ అంతా చెప్పేసింది: కొండ, ఆగిన బండి, లాంతరు. చెప్తుంటే కిటికీ అవతలి ఎండ ఒక్క క్షణం తెల్లగా, మెత్తగా, మంచులాగే కనిపించింది. ఉద్యోగం పోయిందని ఆమెకు అర్థమైంది. అయినా లాంతరు రంగు కూడా చెప్పకుండా ఉండలేకపోయింది.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద వీధంతా ఉన్ని.

"ఇన్నేళ్లుగా రేడియోలో చెప్తున్నాను," అన్నాడు చివరికి, "నా మాట విని గొడుగు తీసినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు. మా ఆవిడ కూడా తీయదు." ఆయన తిరిగొచ్చి ఉద్యోగం కాగితం మీద సంతకం చేశాడు. "ఉద్యోగం ఖాయం. ఒక్కటే షరతు. నేనేం సూచన ఇస్తే రేపట్నుంచి దానికి తగ్గ బట్టలే వేసుకుని వీధిలో నడవాలి."

ఆమె ఆనందానికి అడ్డూ ఆపూ లేదు. కాగితం పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి సాయంత్రపు బంగారు వెలుగులో ప్రతి కిటికీలో, ప్రతి గుమ్మంలో మనుషులు. కలలో లాగే. అందరి చూపూ ఆమె మీదే. ఆమె కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. వీధంతా ఒక్కసారి నిట్టూర్చి కోట్లు విప్పేసింది. జీవితంలో దొరికిన మొదటి నిజమైన ప్రేక్షకుల ముందు ఆమె వెలిసిపోయిన గౌనులో, ఊడిన గుండీ చోట చెయ్యి అడ్డుపెట్టుకుని, ఇంటిదాకా నడిచింది. గౌను ఎవరూ చూడలేదు. గొడుగు ముడిచి ఉందా లేదా అన్నదే చూశారు.

గుమ్మంలో భర్త టార్చిలైటు లాంతరులా ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బండి ఆలస్యం," అన్నాడు. "రేపు ఎవరు?"

ఆమె నవ్వుతూ, ఇకమీదట ఆకాశం ఎవరిని పంపితే వాళ్లేనంది. లోపల రేడియోలో పెద్దాఫీసరు గొంతు, నెలాఖరు దాకా ఇదే ఎండ, వాతావరణంలో ఎలాంటి మార్పూ ఉండదని చెబుతోంది.