క్రమశిక్షణ గల తుప్పు

సముద్రాలు పుట్టినప్పటి నుంచీ ఏ ఓడకూ ఇంత క్రమశిక్షణ గల తుప్పు పట్టలేదని కీల్ రేవులో కమాండర్ ఫాన్ రెట్‌బెర్గ్ ప్రకటించారు. ఆయన జర్మన్ నౌకాదళంలో మారువేషాల విభాగానికి అధిపతి. 1916 జనవరి నెల. నిన్నటిదాకా అరటిపళ్లు మోసిన సరుకు ఓడలో కలప చాటున ఆరు ఫిరంగులు బిగించి, తుప్పు మచ్చల రంగు పూసి, యుద్ధంలో ఏ పక్షమూ కాని నార్వే దేశపు పాత ఓడలా వేషం కట్టి, ఇంగ్లిష్ సరుకు ఓడల వేటకు పంపుతున్నారు.

ఆ ఓడ సరంగు ఓనో టియార్క్స్ మాత్రం తల గోక్కున్నాడు. ఇరవై ఏళ్లు సరుకు ఓడల్లో నలిగినవాడు. ఇంటి దగ్గర భార్య గేషె నిండు చూలాలు. బిడ్డ మొహం చూడకుండా నీళ్లపాలు కావడం అతనికి సుతరామూ ఇష్టం లేదు.

“అయ్యా, తుప్పు మచ్చలన్నీ ఒకే సైజులో ఉన్నాయండీ.”

“ముప్పై సెంటీమీటర్లు. ఫారంలో అంతే ఉంది.”

“వరసలో కూడా ఉన్నాయి.”

“వరస తప్పినవి మూడుంటే నేనే చెరిపించాను.”

“తుప్పు అలా పట్టదండీ!”

“జర్మన్ ఓడకు అలాగే పడుతుందోయ్.”

“మనది నార్వే ఓడ కదండీ?”

“ష్! అది రహస్యం. గట్టిగా అనకు.”

డెక్ మీద ఆరేసిన చిరుగు చొక్కాలను కూడా కమాండర్ గారు పొడవు ప్రకారం సర్దించారు. చిరుగులన్నీ ఎడమ మోచేతి దగ్గరే ఉండేట్టు చూశారు. ఇంతటి దూరదృష్టి గలవారిని దేశం పోగొట్టుకోకూడదు గనక ఆయన ఒడ్డునే ఉండిపోయారు.

ఐదో రోజున ఇంగ్లిష్ యుద్ధనౌక ఒకటి పక్కకొచ్చింది. దాని అధికారి బాకాలోంచి అరిచాడు.

“మీ తుప్పు బ్రహ్మాండం! మావాళ్లు చూసి నేర్చుకోవాలి. ఇక చేతులెత్తండి.”

ఫిరంగుల మీది కలప లాగే తొందరలో ఒక దుంగ ఓనో కాలు విరిచింది. అంతకుమించి యుద్ధమేమీ జరగలేదు.

స్కాట్లండ్ ఖైదీల శిబిరంలో డాక్టరు ఆ కాలు చూసి, అతని పేరు ఇంటికి పంపే క్షతగాత్రుల జాబితాలో ఎక్కించాడు. ఓనో బిడ్డను ఎత్తుకున్నట్టే పొంగిపోయాడు. ఆ జాబితాను ఖాయం చేయమని జర్మనీకి పంపితే, ఏప్రిల్‌లో మారువేషాల విభాగం నుంచి జవాబొచ్చింది. డాక్టరు పైకి చదివాడు.

“సదరు ఓడ వేషం పూర్తిగా నిబంధనల ప్రకారమే ఉన్నందున శత్రువు దాన్ని గుర్తుపట్టడం అసాధ్యం. కనుక అది పట్టుబడలేదు. మొన్ననే తొమ్మిదో ఓడను ముంచింది. సరంగు టియార్క్స్ విధుల్లో ఉన్నాడు. అతని పతకాన్ని గత ఆదివారం, చంటి కొడుకుతో వచ్చిన భార్యకు అందజేశాం. మీ దగ్గరున్న మనిషి ఎవరో విచారించగలరు.”

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. “ఇంతకీ నువ్వెవరివయ్యా?”

“ఆ కొడుకు ముక్క ఇంకోసారి చదవండి బాబూ,” అన్నాడు ఓనో.

డాక్టరు చదివాడు. తర్వాత జాబితాలో అతని పేరు కొట్టేశాడు.