దిద్దుబాటుకు ఒక నెమలీక

ఒక పెద్ద అడవిలో, ఏ పలకనైనా అందరి ముందు పెట్టే ముందు ఇద్దరు కూర్చుని, ఒకరు పైకి చదవగా మరొకరు వినే అలవాటు ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. ఆ ఇద్దరిలో ఒకరు ఈ కథ జరిగిన ఏటి చలికాలం దాటలేదు. చదివేవారు లేనప్పుడు వినేవారికి పని ఉండదు.

చదివేది వడ్రంగిపిట్ట దారువమ్మ. వినేది ముళ్ళపంది శల్యయ్య.

అడవి చెరువు తూముకు ఒక కంప్యూటర్ ఉండేది. తూము తెరవాలన్నా మూయాలన్నా దానికి కోడ్‌లో చెప్పాలి. జంతువులకు కోడ్ రాదు. కనుక ఏ పనికి ఏమి కొట్టాలో ఉదాహరణలతో సహా చెక్క పలకల మీద రాసి చెరువుగట్టున నిలబెట్టేవారు. ఉన్నది ఉన్నట్టు చూసి కొట్టడమే అందరికీ వచ్చిన విద్య. మీటలు ఏనుగు కాలు పట్టేంత పెద్దవి కావడం వల్ల అదేమంత కష్టం కాలేదు.

పలకలు రాసేది కోతి. చేయి చురుకు, మనసు మాత్రం మరొక కొమ్మ మీద. అందుచేత కామాలు జారిపోయేవి, తెరిచిన బ్రాకెట్లు తెరిచినట్టే ఉండిపోయేవి. కొత్త పలక రాగానే దారువమ్మ దాన్ని పైకి చదివేది. కామాకు ఒక తట్టు, ఫుల్‌స్టాప్‌కు రెండు, బ్రాకెట్‌కు మూడు చొప్పున పక్కనున్న మాను మీద ముక్కుతో తట్టేది. శల్యయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. ఉండవలసిన చోట తట్టు వినబడకపోతే, తన ఒంటి ముల్లు ఒకటి పీకి, నేరేడు రసంలో ముంచి, తప్పిపోయిన గుర్తును పెట్టేవాడు.

"ఈ వాక్యానికి ఊపిరే ఆడటం లేదు అన్నయ్యా" అనేది దారువమ్మ.

"రాసింది కోతి కదమ్మా. దూకేటప్పుడు ఊపిరి బిగబట్టడం వాళ్ళ వంశాచారం" అనేవాడు శల్యయ్య.

ఆ విధంగా ఏ తప్పూ గట్టు దాకా వచ్చేది కాదు. రాకపోవడమే వారి కొంప ముంచింది.

వార్షిక సభలో కార్యదర్శి నక్క లేచింది. "అధ్యక్షా, వీరిద్దరూ తప్పులు దిద్దుతారని విన్నాను. గట్టు మీది పలకలన్నీ చూసి వచ్చాను. ఒక్క తప్పూ లేదు. మరి వీరు దిద్దుతున్నదేమిటి?"

"దిద్దాకే కదండీ గట్టు మీద పెట్టేది" అన్నాడు శల్యయ్య.

"కనబడని తప్పును దిద్దామంటే సభ ఎలా నమ్మాలి? పైగా తప్పులన్నిటినీ మీ ఇద్దరే చాటుగా తీసేస్తే, మిగతా ప్రజలు ఏం దిద్దుకోవాలి?"

అధ్యక్ష స్థానంలో ఉన్న ఏనుగుకు, చివర మాట్లాడినవారి వైపే న్యాయం కనబడేది. ముందుగా చదవడం రద్దయింది. దిద్దుబాటు మహోత్సవం ప్రకటితమైంది. గట్టు మీది పలకలో తప్పు పట్టి దిద్దినవారి పేరు సభలో చదివి, మెడలో ఒక నెమలీక కడతారు. ఒక దిద్దుబాటుకు ఒకే పేరు. ఎక్కువ ఈకలు గలవారికి తూము పెత్తనం.

ఆ సాయంత్రం దారువమ్మ వచ్చి శల్యయ్య పక్కన వాలింది. "అన్నయ్యా, నవ్వకు. నాకూ ఒక్క ఈక కావాలని ఉంది" అంది.

"నీకు ఈకలకు కొదవా?"

"ఇవి పుట్టుకతో వచ్చినవి. సభలో నా పేరు ఒక్కసారి వినాలని ఉంది. ఎన్నెన్ని పలకలో పైకి చదివాను. నా పేరు ఎవరూ చదవలేదు. ముసలిదాన్నయ్యాను."

"వెళ్ళు. నువ్వు చదివితే తప్పు దాక్కోలేదు" అన్నాడు శల్యయ్య.

ఆమె వెళ్ళింది. తప్పులు పట్టింది కూడా. అయితే దిద్దబోతే ముక్కు తగిలిన చోటల్లా చిల్లు పడింది. "ఇది దిద్దుబాటు కాదు, వడ్రంగం" అని కుందేలు తేల్చేసింది. ఉత్సవానికి న్యాయనిర్ణేత కుందేలే. పోటీదారు కూడా.

త్వరలోనే తప్పులు అయిపోయాయి, ఈకలు మిగిలాయి. అప్పుడు కోతి పొద్దున ఒక కామా చేర్చి, "లోపం సవరించాను" అని ఒక ఈక కట్టించుకునేది. సాయంత్రం కుందేలు ఆ కామాను చెరిపి, "అనవసరమైన గుర్తు తొలగించాను" అని ఇంకొకటి కట్టుకునేది. మర్నాడు కామా మళ్ళీ వచ్చేది. ఆ ఒక్క కామా రెండు కుటుంబాలను నిలబెట్టింది.

నక్కకు ఈ చిల్లర వ్యవహారం నచ్చలేదు. ముగింపు సభలో, అందరూ చూస్తుండగా, ఒక మహాదోషాన్ని కనిపెట్టాలని దాని సంకల్పం. మహాదోషం ఎక్కడా దొరకలేదు. అందుచేత తయారు చేసుకుంది. ముందురోజు ఎవరూ లేని సమయం చూసి, తూము మూసే ఉదాహరణ చివరనున్న బ్రాకెట్‌ను తోకతో తుడిచేసింది.

సభనాడు అడవిదున్న దాహమై తూము తెరిచింది. తాగింది. పలక చూసి, మూయమని పొల్లు పోకుండా కొట్టింది. తెరిచిన బ్రాకెట్‌ను మూయనంత వరకు చెప్పేవారి మాట పూర్తి కాలేదని ఆ యంత్రం నమ్మకం. అది మర్యాదగా, "ఇంకా చెప్పండి" అంది.

"ఇంకేముంది చెప్పడానికి? మూసెయ్యి" అంది దున్న.

"ఇంకా చెప్పండి."

నీరు కాలువలోకి పరుగెడుతోంది. సభ యావత్తూ గట్టుకు కదిలింది. నక్క నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. అధ్యక్షోపన్యాసం ఇంకా కాలేదు మరి. ఈలోగా కోతి ఉరికి ఒక కామా పెట్టింది. కుందేలు ఇంకెక్కడో ఒకటి చెరిపింది. ఎలుగుబంటి, ఎందుకైనా మంచిదని, వరుసగా మూడు ఫుల్‌స్టాపులు పెట్టింది. దిద్దినప్పుడల్లా దున్న మళ్ళీ మొదటి నుంచి కొట్టింది. యంత్రం ఓపికగా, "ఇంకా చెప్పండి" అంది.

ఏనుగు ఉపన్యాసం ముగిసేసరికి చెరువులో చేపలు నిలబడి వింటున్నాయి.

అప్పుడు నక్క గంభీరంగా ముందుకు వచ్చింది. "సభికులారా, లోపాన్ని నేను కనుగొన్నాను" అని బ్రాకెట్ పెట్టింది. దున్న కొట్టింది.

"చెప్పింది చాలు. ఏమీ అర్థం కాలేదు" అంది యంత్రం.

నక్క పెట్టిన బ్రాకెట్ సరైనదే. దాని ముందున్న వాక్యమే నిన్నటిది కాదు. అంతలో కోతి కాలువ వైపు చూపించి, "కార్యదర్శిగారూ, ఆ పోతున్నవి మీవేనా?" అంది. కాలువ నక్క బొరియ మీదుగా పొంగింది. బొరియలో దాచుకున్న నెమలీకలు బారులు తీరి నీటి మీద తరలిపోతున్నాయి.

"శల్యయ్యా, కాస్త చూడవయ్యా" అంది నక్క గొంతు తగ్గించి.

"నేను వినేవాణ్ణి. చూసేది ఆమె" అన్నాడు శల్యయ్య.

దారువమ్మ గట్టున ఉన్న మోడు మీద వాలింది. నింపాదిగా చదవసాగింది. అక్కరలేని చోట తట్టు వినబడితే శల్యయ్య ఆపి అడిగేవాడు.

"ఇది ఎవరిది?"

"కోతిది. వంకర చూస్తే తెలియడం లేదూ?"

"చెరిపాను. ఇది?"

"ఎలుగుబంటిది. మూడూ."

కుందేలు చెరిపిన గుర్తును తిరిగి పెట్టారు. బ్రాకెట్ తెరిచినచోట మూడు తట్లు, మూసినచోట మూడు తట్లు వినబడ్డాయి. దున్న కొట్టింది. యంత్రం "అలాగే" అని తూము మూసింది. చెరువులో మోకాటిలోతు బురద మిగిలింది.

సభ మళ్ళీ కూడింది. లోపాన్ని మొదట ప్రకటించినది నక్క కనుక ఈక నక్కకే దక్కింది. దారువమ్మ మాటేమిటని దున్న అడిగింది.

"ఒక దిద్దుబాటుకు ఒకే పేరు. వీరు ఇద్దరు వచ్చారు" అంది కుందేలు, విచారంగానే.

"నా దగ్గర ముళ్ళే ఉన్నాయి చెల్లెమ్మా, ఈకలు లేవు" అన్నాడు శల్యయ్య.

"ఇన్నాళ్ళు పక్కన కూర్చున్నా ఒక్కటీ గుచ్చుకోలేదు. పోనీలే" అంది దారువమ్మ.

ఇద్దరూ బయలుదేరబోతుంటే ఏనుగు ఒక కొత్త పలకను తొండంతో పట్టుకొచ్చింది. మహోత్సవం వల్ల అడవి నేర్చుకున్న నీతిని కోతి చేత రాయించారట. "రద్దు రద్దేననుకోండి. అయినా గట్టున పెట్టే ముందు, మీ ఇద్దరూ ఒక్కసారి..." అని నసిగింది.

శల్యయ్య ఒక ముల్లు పీకాడు. కూర్చోలేదు. సభ వైపు తిరిగి, ఎన్నడూ లేనంత గట్టిగా, "సభకు మనవి. చదువుతున్నది దారువమ్మ" అన్నాడు.

తరువాత కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

దారువమ్మ గొంతు సవరించుకుంది. "నీతి. గౌరవం కోరువారు ముందుగా తప్పు చేయవలెను" అని చదివి, ఒక తట్టు తట్టి, "ఆపైన దానిని దిద్దవలెను" అని ఆగింది.

చివర కోతి ఏమీ పెట్టలేదు. శల్యయ్య ముల్లును రసంలో ముంచి, అక్కడ ఒక చుక్క పెట్టాడు. దారువమ్మ మోడు మీద రెండు తట్లు తట్టింది.