నలుబదిమూడవ గొట్టముపై సొట్టసమరము

సహస్రకిరణుడు గగనమధ్యమునెక్కి హెల్మెట్ల క్రింది శిరస్సులను నిర్దాక్షిణ్యముగా వేపుచున్న ఒకానొక మధ్యాహ్నమున, క్రోశదీర్ఘమై నోరు తెరచిన కందకము చెంత, గ్యాసును మోయబోవు ఉక్కుగొట్టములు మహాసర్పసంతతివలె బారులు తీరియుండగా, నలుబదిమూడవ గొట్టముపై అరచేయి పట్టునంత సొట్ట యొకటి కనబడెను.

దానిని పరీక్షింప వేంచేసిన వీరనారి, స్కేలుధారిణి, రిజిస్టరుహస్త, తనిఖీ ఇంజనీరు. ఆ గొట్టమును దింపిన క్రేనుసారథి, తొమ్మిదేండ్ల నిష్కళంకయశోధనుడు, ఆమెకు సొంత మరిది.

“తొమ్మిదేళ్లు వదినా! నా చేతికింద ఒక్క గొట్టం ఉలిక్కిపడలేదు. పసిపాపని పడుకోబెట్టినట్టు దించుతాను. ఇది సొట్ట కాదు, ఎండ మాయ!” అని అతడు గర్జించెను.

“ఎండ మాయలో నా బొటనవేలు దిగుతోందేంటి మరి?” అనెను వదిన.

లోతు పన్నెండు మిల్లీమీటర్లు దాటినచో ఆ భాగమును కోసి పారవేయవలెనని శాసనము. సొట్టలో గీత లేదు, అతుకు దూరముగానే యున్నది. ఇక తేలవలసినది లోతొక్కటే. ఆమె మనసున మాత్రము వేరొక సంగ్రామము: పాసు చేసినచో “మరిది కదా” యని సైటంతయు గుసగుసలాడును, కోయించినచో ఇంట అత్తగారి మౌనము వారము దినములు. ఐనను ఆ ధీర సొట్టకు అడ్డముగా స్కేలు నిలిపి, కొలతపుల్లను లోనికి దింపెను.

“పన్నెండుంపావు.”

మరిది ముఖము గొట్టముకన్న మిన్నగా సొట్టపడెను. “కోయించెయ్ వదినా,” అనెను, నూతిలోనుండి వచ్చినట్టి గొంతుతో.

ప్రక్కనే నిలిచియున్న సైటు మేస్త్రీ సుద్దముక్కనెత్తి కోత గుర్తు వేయబోవునంతలో, వదిన మోకాళ్లపై వంగి, స్కేలు కొస క్రింద నక్కి దానిని పైకెత్తుచున్న ఇసుకరేణువును కాంచెను.

“ఆగండి మేస్త్రీగారూ!” గుడ్డతో తుడిచి, ఆమె రెండడుగులు వెనుకకు వైచెను. “ఈసారి మీరే కొలవండి. నేను ముట్టుకోను.”

మేస్త్రీ కళ్లజోడు సవరించుకొనెను. స్కేలు నిలిపి కొలతపుల్లను దింపెను.

“పదకొండు ముప్పావమ్మా.”

“ఇంకోసారి చూడండి.”

“పదకొండు ముప్పావే!”

మరిది మూడడుగులు గాలిలోనికెగిరెను. “చూశావా! సొట్టే లేదన్నానుగా!”

“ఉంది. పదకొండు ముప్పావు ఉంది. దించినవాడి పేరుతో సహా రాస్తున్నాను.”

ఇట్లు ఒక్క రక్తబిందువైనను చిందకయే గొట్టము దక్కెను. విజయోన్మత్తుడైన క్రేనుసారథి తరువాతి గొట్టమును ఈగ వాలినట్లు దించుచుండగా, పావు మిల్లీమీటరు ప్రమాణముగల ఆ మహావిజయమును వదిన రిజిస్టరున లిఖించి, దానిక్రింద రెండు గీతలు గీసెను.